కింది గాలి

"జిగురు ముట్టుకోక రెండు నెలలు కావస్తోంది. మరి ఇప్పుడు ఏ జిగురు పట్టుకుంది దాని కాళ్లనీ చేతుల్నీ?"

అత్తగారు ఈ మాట వంటింట్లో నిలబడే అంది. కానీ గడప అవతలి పనిగదికి, పైన పడకగదులకి, వీలైతే వీధికి కూడా వినబడాలనే అంది.

నేలంతా పాలు. గిన్నె దొర్లుకుంటూ పోయి గడపకి కొట్టుకుని ఆగింది. కోడలు గోడకి ఆనుకుని తన కుడిచేతి వంక చూసుకుంటోంది, ఆ చెయ్యి ఇంకెవరిదో అయినట్టు.

"పట్టుకున్నాననే అనుకున్నాను అత్తయ్యా."

"అనుకోవడానికేముంది. నేనూ అనుకున్నాను, కోడలొస్తే కాస్త నడుం వాలుస్తానని."

పనిగదిలోంచి కొడుకు వచ్చాడు. తోలు కత్తిరించే కత్తి ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ చేతిలోనే పెట్టుకున్నాడు.

"డాక్టరమ్మ చెప్పింది కదమ్మా, వెంటనే తగ్గదని."

"తగ్గదని చెప్పింది. పెరుగుతుందని చెప్పిందా? పని చేసినన్నాళ్లూ పాదాలు మొద్దుబారాయంది. సరే, మాన్పించాం. ఇప్పుడు చేతులు కూడా పట్టవంటోంది. జిగురు వల్లే వచ్చిందైతే జిగురు మానేశాక తగ్గాలి. మానేస్తే పెరిగే జబ్బు ఏ ఊళ్లో ఉందిరా?"

ఈ ఇంట్లో వచ్చిన చిక్కే అది. ఆవిడ మాటలు కటువుగా ఉంటాయి గానీ, తప్పు పట్టడానికి సందు దొరకదు.

"చెప్పులు కుట్టే ఇంటి కోడలు బజారు నుంచి ఒంటి చెప్పుతో నడిచొచ్చింది. రెండోది ఎక్కడ జారిందో తనకే తెలీదట. వీధంతా పళ్లికిలించింది. ఆ రోజే అన్నాను, ధ్యాస ఇక్కడ లేదని."

"వదిన ధ్యాస ఇక్కడే ఉందమ్మా, నీ నోటి దగ్గర. అందుకే గిన్నె జారింది," అంది పిచ్చుక, పనిగదిలో పీట మీద కూర్చున్న చోటు నుంచే.

పిచ్చుక ఈ ఇంటి ఆఖరి పిల్ల. మెట్లు రెండేసి చొప్పున గెంతుతూ దిగుతుందని చిన్నప్పుడే ఆ పేరు పెట్టారు. పెళ్లీడు వచ్చినా పేరు మారలేదు. గెంతడం మాత్రం ఈమధ్య కాస్త తగ్గింది. ఎదిగిందిలే అనుకున్నారు.

"నువ్వు నోర్ముయ్యవే," అంది తల్లి, అలవాటుగా.

అప్పటిదాకా మాట్లాడనిది మామగారు ఒక్కరే. వీధంతా ఆయన్ని మేస్త్రి అంటుంది, ఎదురుగా అయినా, చాటుగా అయినా. కుట్టుమిషను ముందు ఎత్తు స్టూలు మీద కూర్చుని, సూది కింద తోలు తిప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఒకే గది. ఒకే గాలి. ముప్పై ఏళ్ల నుంచీ పీలుస్తున్నాను. నా కాళ్లు నా దగ్గరే ఉన్నాయి. నాకు రానిది దానికెలా వచ్చింది?"

"ఆదివారం వాళ్లన్నయ్యని రమ్మన్నాను," అంది అత్తగారు, కాస్త గొంతు తగ్గించి. "పుట్టింట్లో నాలుగు రోజులుంటుంది. కాళ్లు నిలబడ్డాక వస్తుంది."

"నిలబడ్డాయని ఎవరు చెప్పాలి అత్తయ్యా?" అంది కోడలు.

ఎదురు తిరిగినట్టు కాదు. నిజంగానే అడిగింది. అందుకే అందరూ తలోవైపు చూశారు.

పాలు గడప దాటి పనిగదిలోకి పోతున్నాయి. పిచ్చుక కాళ్లు ముడుచుకుంది.

*

ఆ పనిగదిలో ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ ఎవరికీ చెప్పరు. మేస్త్రిది స్టూలు. కొడుకు నిలబడి బల్ల మీద తోలు కత్తిరిస్తాడు. చెప్పు అడుగుకి జిగురు రాసి, చెక్క అచ్చుకి బిగించిన పైతోలుకి అంటించే పని మాత్రం నేల మీద. జానెడు ఎత్తు పీట మీద కూర్చుని, అచ్చుని ఒళ్లో పెట్టుకుని, జిగురు డబ్బా మోకాలి పక్కన ఉంచుకుని చేయాలి. కూర్చుని చేసే పని కదా, తేలికని ఆడవాళ్లకిచ్చారు. మొదట్లో అత్తగారు చేసింది. కోడలు అడుగుపెట్టగానే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కోడలు లేచాక ఆ పీట ఒక్కపూట కూడా ఖాళీగా లేదు. పిచ్చుక కూర్చుంది.

కిటికీ తీయరు. గాలి తగిలితే జిగురు మీద పొర కడుతుంది, దుమ్ము అంటుకుంటుంది, అడుగు ఊడిపోతుంది. ఊడిపోయిన జోడు మేస్త్రి పరువు. అందుకని కిటికీ రెక్కలకి మేకులు కొట్టి, సందుల్లో కాగితం కూరారు. వాసనకి తల తిరుగుతోందని కోడలు కొత్తలో అంటే, మేస్త్రి తనంతట తానే గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి తెచ్చి పెట్టించాడు. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. కోడలి కోసం అంత చేసిన మామగారు ఈ వీధిలో ఇంకొకరు లేరు, అదీ నిజమే.

ఆ సాయంత్రం కొడుకు తండ్రిని ఒకటే అడిగాడు.

"ఆదివారంలోగా ఒక్కసారి డాక్టరమ్మ దగ్గరికి మాతో రా నాన్నా. నీ ప్రశ్న ఆవిడనే అడుగు. ఆవిడ చెప్పలేకపోతే నేనే దీన్ని పుట్టింట్లో దిగబెట్టి వస్తాను."

"చెప్పలేదులే," అన్నాడు మేస్త్రి, చెప్పులు వెతుక్కుంటూ.

*

డాక్టరమ్మ జుట్టు సగం నెరిసిన మనిషి. నరాల జబ్బులు చూస్తుంది. తొందరపడదు, నవ్వదు. కోడల్ని బల్ల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, పాదం మీద దూదితో గీసింది.

"తెలుస్తోందా?"

"ఏంటండీ?" అంది కోడలు.

డాక్టరమ్మ దూది పక్కన పడేసింది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. దారి పొడుగునా లోపల్లోపల అప్పగించుకున్న మాటలు. "డాక్టరమ్మా, నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఒక్కటే అడుగుతాను. ఒకే గదిలో కూర్చున్నాం, ఒకే గాలి పీల్చాం. నాకు రానిది ఈ పిల్లకెలా వచ్చింది?"

"మీరెక్కడ కూర్చుంటారు?"

"మిషను దగ్గర. స్టూలు మీద."

"ఎంత ఎత్తు?"

మేస్త్రి చేత్తో చూపించాడు.

"ఈ అమ్మాయి?"

చూపించడానికి మేస్త్రి నడుం వంచాల్సి వచ్చింది.

"గది ఒకటేనండీ," అంది డాక్టరమ్మ. "గాలి ఒకటి కాదు."

మేస్త్రి వంగినవాడు నెమ్మదిగా లేచాడు.

"మీ జిగురుని పల్చగా ఉంచడానికి ఒక ద్రవం కలుపుతారు. హెక్సేన్ అంటారు. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, రంగుండదు. నీళ్లలో మాత్రం కలవదు, పైన తేలుతుంది. మూత తీస్తే చాలు, ఎగిరిపోతుంది. జిగురు అంత త్వరగా ఆరేది అందుకే. ఎగిరింది కాబట్టి పోయిందనుకుంటాం. ఎక్కడికీ పోదు. దాని ఆవిరి గాలి కంటే మూడింతలు బరువు. కిందికి దిగి, కిటికీలు మూసిన గదిలో నేల మీద నీళ్లు నిలిచినట్టు నిలుస్తుంది. పీట మీద కూర్చున్న మనిషి అందులో మునిగినట్టే."

"ఫ్యానుందమ్మా," అన్నాడు మేస్త్రి. "కొత్తది. నేనే పెట్టించాను."

"ఎక్కడ?"

మేస్త్రి చెయ్యి పైకప్పు వైపు లేచింది. సగంలో ఆగింది.

"ఆవిరి పైకే కదమ్మా పోయేది," అన్నాడు. "నీళ్లు కాగినా, గుడ్డలు ఉడికినా."

"నీళ్ల ఆవిరి పైకి పోతుంది. ఇది పోదు."

"ముక్కు కూడా మండదే. పాత జిగురుకి కళ్లలోంచి నీళ్లు కారేవి. ఇది పెద్దగా వాసనే కొట్టదు. పోనీలే, మంచిదని మార్చాం."

"ముక్కు మండితే కిటికీ తీసేవారు. మండలేదు కాబట్టే మూసుకుని కూర్చోగలిగారు."

కొడుకు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తండ్రి ముఖం చూడటం ఇష్టం లేక.

డాక్టరమ్మ చెబుతూనే ఉంది. ఒంట్లోకి వెళ్లాక కాలేయం దాన్ని ఇంకో పదార్థంగా మారుస్తుందని, నరాలకి విషం ఆ రెండోదేనని, పొడుగు నరాలు ముందు దెబ్బతింటాయని. అన్నిటికన్నా పొడుగు నరం పాదానిది. తర్వాత చేతులు.

"మానేశాక కూడా పెరగడం ఏంటండీ?" అన్నాడు కొడుకు. తల్లి ప్రశ్న అది. జేబులో పెట్టుకుని తెచ్చాడు.

"ఈ జబ్బు తీరే అంత. మానేసిన తర్వాత కూడా రెండు మూడు నెలలు పెరుగుతూ పోతుంది. అప్పుడే ఇంట్లోవాళ్లు నమ్మకం పోగొట్టుకుంటారు. తర్వాత ఆగుతుంది. ఆగాక వెనక్కి వస్తుంది, చాలా నెమ్మదిగా, మళ్లీ అది పీల్చకుండా ఉంటే. ముందే ఆపితే ఇంత దూరం వచ్చేది కాదు. చెప్పు జారినా తెలియకపోవడం మొదటి గుర్తు. ఎవరైనా పరధ్యానం అనుకుంటారు."

డాక్టరమ్మ మేస్త్రి వైపు తిరిగింది.

"ఇప్పుడా పీట మీద ఎవరు కూర్చుంటున్నారు?"

"ఇంట్లోవాళ్లే," అని మేస్త్రి లేచాడు. "వస్తామమ్మా. పని ఆగిపోయింది."

గుమ్మం దాటుతుంటే డాక్టరమ్మ వెనక నుంచి అడిగింది. "పొయ్యి ఎంత దూరంలో ఉంది?"

"పక్క గది. గడప అడ్డముంది."

"గడప దానికి అడ్డం కాదండీ. నేల మీద పాకుతూ వెళ్తుంది. ఎక్కడో ఉన్న నిప్పుని అందుకుంటుంది. అంటుకుందంటే వచ్చిన దారినే వెనక్కి పరుగెడుతుంది, డబ్బా దాకా."

*

ఇంటికి నడుస్తుంటే కోడలు మొగుడి భుజం పట్టుకుని, ప్రతి అడుగూ చూసి వేస్తోంది. పాదాన్ని ఎత్తాల్సినదానికంటే ఎక్కువ ఎత్తుతోంది, లేకపోతే వేళ్లు నేలకి తగులుకుంటాయి. మేస్త్రి ముందు నడుస్తున్నాడు. మలుపు దగ్గర వాళ్ల కోసం ఆగక తప్పలేదు.

"మామయ్యా."

"ఊ."

"నన్ను పంపేయండి, ఫర్వాలేదు. అన్నయ్యతో వెళ్తాను. పిచ్చుకని ఆ పీట మీంచి లేపండి."

మేస్త్రి ఆమె వంక చూడలేదు. "దానికేం. రాయిలా ఉంది," అని మళ్లీ నడిచాడు. ఇంతకుముందు కంటే వేగంగా.

*

భోజనాల దగ్గర ఆయనే మొదలుపెట్టాడు. నోరు ఊరుకోదు కదా.

"విన్నారా? గాలి రెండు రకాలట. పై గాలి మేస్త్రిదట, కింది గాలి కోడలిదట. ఇల్లు వేరు పడినవాళ్లని చూశాం గానీ, గాలి వేరు పడ్డవాళ్లని చూశామా?"

పిచ్చుక నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. ఆయన ఇంకొంచెం గొంతు పెంచాడు.

"అదొక్కటేనా. నేల మీద పాక్కుంటూ పొయ్యి దాకా వస్తుందట. నిప్పు తగిలితే వచ్చిన దారినే వెనక్కి పరుగెడుతుందట. జిగురు కాదు, ఇంట్లో పామును పెంచుతున్నాం."

వడ్డిస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది.

"నీలంగా ఉంటుందా?" అంది.

"ఏది?"

"ఆ మంట."

మేస్త్రి కంచంలోంచి తల ఎత్తాడు. కొడుకు నమలడం ఆపాడు.

"నువ్వెక్కడ చూశావు?"

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. మూత వేసింది. మళ్లీ తీసింది.

"వానల్లో. నీళ్లు కాచే చిన్న పొయ్యి లేదూ, నేల మీద పెడతామే, అది. పుల్ల గీశాను. నా కాళ్ల దగ్గర్నుంచి గడప దాకా నీలంగా ఒక గీత పరుగెత్తింది. చప్పుడు లేదు. రెప్ప వేసేలోపు ఆరిపోయింది. కలేమో అనుకున్నాను. చూసుకుంటే బట్ట అంచు కమిలి ఉంది."

"గడప దాటి ఉంటే..." అన్నాడు కొడుకు. మిగతాది అనలేదు. గడప అవతలే జిగురు డబ్బాలు, పక్కన పీట.

"ఎవరికీ చెప్పలేదేం?" అన్నాడు మేస్త్రి.

"ఏమని చెప్పను? దానికి చేతులు పట్టవు, నాకు కళ్లు కనబడవు అనేవారు. ఇద్దర్నీ ఒకే బండెక్కించేవారు."

కోడలు అత్తగారి వంక చూసింది. అత్తగారు కోడలి వంక చూడలేదు గానీ, నీళ్ల గ్లాసు తీసి కోడలి కుడిచేతి దగ్గర కాకుండా, రెండు చేతులకీ అందేలా మధ్యలో పెట్టింది. ఇన్నాళ్లలో ఆవిడ ఆ పని చేయడం అదే మొదలు.

మేస్త్రి అదంతా చూడలేదు. ఆయన ఇంకొకటి పట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత ఎత్తున?"

"ఏంటి?"

"ఆ గీత. ఎంత ఎత్తున పరుగెత్తింది?"

ఆవిడ వంగి, తన చీలమండ దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

"ఇంతే. దీనికి పైన ఏం లేదు."

మేస్త్రి కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. భోజనం సగం కూడా కాలేదు.

*

ఆదివారం పొద్దున్నే కోడలి సంచి కిందికి దిగింది. అడుగు మెట్టు పక్కన గోడకి ఆనించి ఉంది. దాన్ని దింపిందెవరో ఎవరూ అడగలేదు, ఆపిందీ ఎవరూ లేరు. అత్తగారు వంటింట్లో తోమిన గిన్నెలే తోముతోంది.

అందరికంటే ముందు పనిగదిలోకి వచ్చింది మేస్త్రి. సుత్తి తీసుకుని కిటికీ మేకులు ఒక్కొక్కటే ఊడబెరికాడు. కాగితాలు లాగేశాడు. రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి, భుజంతో తోస్తే గానీ తెరుచుకోలేదు. ఎండ ఏటవాలుగా వచ్చి ఎదుటి తెల్లగోడ మీద పడింది.

జిగురు డబ్బా తీసి ఆ ఎండ దారిలో బల్ల అంచున పెట్టాడు. మూత తీశాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమీ కనబడకూడదనే ఆయన కోరిక. కనబడకపోతే డాక్టరమ్మది తప్పు, పెళ్లాం చూసింది కల, తను పెట్టించిన ఫ్యాను ఫ్యానే.

గోడ మీద డబ్బా నీడ పడింది. నల్లగా, కదలకుండా.

ఆ నీడ అంచు మీద ఇంకో నీడ ఉంది. ఉందా లేదా అన్నంత పల్చన. నీళ్ల మీద ఎండ వణికినట్టు వణుకుతోంది. డబ్బా నోట్లోంచి పొంగి, అంచు దాటి, పక్కలంట జారి, బల్ల కాలు వెంబడి కిందికి దిగుతోంది. పైకి ఒక్క పోగు కూడా పోవడం లేదు.

మేస్త్రి తల ఎత్తి చూశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. మంచి గాలిని శ్రద్ధగా బయటికి తోస్తోంది.

ఆయన డబ్బాకి మూత పెట్టాడు. బిగించాడు. ఇంకొంచెం బిగించాడు. తర్వాత చాలా ఏళ్లుగా చేయని పని ఒకటి చేశాడు. బల్ల పట్టుకుని, మోకాళ్లు పటపటమంటుంటే, పీట మీద కూర్చున్నాడు.

ఇక్కడి నుంచి గది వేరుగా ఉంది. తన స్టూలు అడుగు భాగం కనబడుతోంది, దాని మీద కూర్చునే మనిషికి ముఖం ఉండదు, కాళ్లే. బల్ల కింద ఎప్పుడో పడిపోయిన అచ్చు ఒకటి. మెట్ల దగ్గర కూడా అంతే. బల్ల అడ్డం వచ్చి, దిగేవాళ్ల పాదాలు మాత్రమే కనబడతాయి.

వీధి తలుపు చప్పుడైంది.

"అన్నయ్య వచ్చినట్టున్నాడు," అంది పైనుంచి కోడలు.

"నువ్వు కూర్చో వదినా, నేను తీస్తాను," అంది పిచ్చుక.

మేస్త్రి మెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. పాదాలు దిగుతున్నాయి. గెంతడం లేదు. ఒక మెట్టు మీద రెండు పాదాలూ ఆనాక, ఇంకో మెట్టు. పాదాన్ని ఎత్తాల్సినదానికంటే కొంచెం ఎక్కువే ఎత్తుతోంది. ఆ నడక ఆయన మొన్న వీధి మలుపులో చూశాడు. చూడనట్టు నడిచాడు.

పనిగదిలో మేకులు రాలి ఉంటాయని ఈ ఇంట్లో లోపల కూడా చెప్పులు వేసుకుంటారు. ఎడమ పాదానికి చెప్పు ఉంది. కుడి పాదానికి లేదు. అది పైమెట్ల మీద ఎక్కడో బోర్లా పడి ఉంది. కుడి పాదం ఏమీ ఎరగనట్టు చల్లటి రాతి మీద ఆనుతూ, సంచి పక్కనుంచి అడుగు మెట్టు దిగింది.

పిచ్చుక పీట వైపు చూసి ఆగిపోయింది.

"అదేంటి నాన్నా, నా చోట్లో కూర్చున్నావు?"

మేస్త్రి ఆ కుడి పాదం మీంచి చూపు తిప్పలేదు.

"నీ రెండో చెప్పు ఏదే?"

పిచ్చుక కిందికి చూసుకోలేదు. నవ్వింది.

"రెండూ కాళ్లకే ఉన్నాయి కదా," అంది.

వీధి తలుపు మళ్లీ చప్పుడైంది.